పని వెదకుటయు నొక పాఠమే



మన పాఠశాలలో చదివి వెడలిన యొక బాలుడు కొంతకాలము క్రిందట నన్ను చూడవచ్చెను. వాడు లెక్కలలో దిట్ట. కేంద్ర సాయుధ పోలీసు దళములలో కానిస్టేబులు పదవికి పరీక్ష వ్రాసి తప్పితినని చెప్పెను. కారణ మడుగగా, "ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి సార్. చదివి అర్థం చేసుకునేదానికే టైము చాలలేదు" అనెను.

ఆ పరీక్షను తెలుగులో వ్రాయవచ్చునని వానికి తెలియదు. దరఖాస్తును పట్టణములోని కంప్యూటరు అంగడిలో నింపించుకొనెను. భాష అను గడిలో ఏమి చేర్చవలెనో నింపినవాడు అడుగలేదు, వీడు చెప్పలేదు. వాడు వెళ్లిన పిదప నేను చాలసేపు ఆలోచించితిని. పది సంవత్సరములు వానికి తెలుగున చదువు చెప్పితిమి; ఆ చదువు ఏ తలుపు తెరచునో మాత్రము చెప్పలేదు. తప్పు వానిది కాదు, మాది. ఆ కొరత కొంతవరకైనను తీర్చవలెనని యీ పాఠమును వ్రాయుచున్నాను.

1. ఏ భాష ఏ తలుపు తెరచును?

హోసూరు, దెంకణికోట, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా నివసించు మన తెలుగు కుటుంబములలో ఒక భయము కలదు. తెలుగున చదివినవానికి పని దొరకదని తలచి కొందరు బిడ్డలను మధ్యలో మాన్పించుచున్నారు. మరికొందరు తెలుగుపై అభిమానముచే తమిళమును దూరముగా నుంచుచున్నారు. రెండును పొరపాట్లే. ఒక్కొక్క ఉద్యోగమునకు ఒక్కొక్క భాషానియమము కలదు. ఆ నియమము నెరిగినవానికి ప్రతి భాషయు నొక ఉపకారము చేయును.

తెలుగు: స్టాఫ్ సెలక్షన్ కమిషన్ అను కేంద్ర నియామక సంఘము 2023లో మల్టీ టాస్కింగ్ స్టాఫ్ పరీక్షను, 2024లో కానిస్టేబులు పరీక్షను హిందీ, ఇంగ్లీషులతోపాటు 13 ప్రాంతీయ భాషలలో జరిపెను. వానిలో తెలుగొకటి. రెండింటికిని పదియవ తరగతి చదువు చాలును. రైల్వే నియామక మండలుల పరీక్షలను కూడ తెలుగులో వ్రాయవచ్చును. పట్టభద్రులైనవారికి ప్రాంతీయ గ్రామీణ బ్యాంకుల పరీక్ష 2019 నుండి తెలుగులోను లభించుచున్నది. అయితే దరఖాస్తు చేయునపుడే తెలుగును కోరవలెను. పరీక్షాశాలలో కూర్చున్న పిదప కోరిన ఫలము లేదు.

తమిళము: తమిళనాడు పబ్లిక్ సర్వీసు కమిషన్ జరుపు నాలుగవ శ్రేణి పరీక్షకు పదియవ తరగతి అర్హత. గ్రామ పరిపాలనాధికారి, చిన్న గుమాస్తా, టైపిస్టు వంటి పదవులు దీని ద్వారా లభించును. 2021లో వెలువడిన ఉత్తర్వు ననుసరించి అందులో తమిళ అర్హతా భాగమున నూటికి 40 మార్కులు రానిచో తక్కిన జవాబులను దిద్దరు. తపాలాశాఖలోని గ్రామీణ డాక్ సేవకుల పదవికి వ్రాతపరీక్షయే లేదు. పదియవ తరగతి మార్కులనుబట్టి ఎన్నుకొందురు. కాని స్థానిక భాషను పదియవ తరగతి వరకు చదివియుండవలెను. తమిళనాడున ఆ స్థానిక భాష తమిళము. కావున తమిళపు గంటలో కిటికీ వైపు చూచు విద్యార్థి, తనకు దగ్గరలోనున్న ఉద్యోగములనే చేజార్చుకొనుచున్నాడని గ్రహింపవలెను.

ఇంగ్లీషు, హిందీ: పైన చెప్పిన కానిస్టేబులు పరీక్షలో 80 ప్రశ్నలు, 60 నిమిషముల కాలము. వానిలో 20 ప్రశ్నలు ఇంగ్లీషు లేక హిందీ భాషాజ్ఞానమునకు సంబంధించినవి. ఆ భాగమును తెలుగు రక్షింపజాలదు. ప్రతిదినము ఒక పుట ఇంగ్లీషు చదివి, తెలియని పదములను వ్రాసికొనుటయే దీనికి మందు.

ఇక కన్నడము. బెంగుళూరు మనకు నలువది కిలోమీటర్ల దూరమున నున్నది. సంతలో కన్నడము మాటలాడుచు పెరిగిన పిల్లలు మనలో ననేకులు. అంగడిలోను, ఆసుపత్రిలోను, బస్సులోను నాలుగు భాషలవారికి సమాధానము చెప్పగలవాడు యజమానికి నలుగురి పెట్టు. ఇది మనకు పుట్టుకతో వచ్చిన పెట్టుబడి. దరఖాస్తులో తెలిసిన భాషలన్నిటిని తప్పక వ్రాయవలెను.

దీనికొక సులభమైన సాధనము చెప్పెదను. నోటుపుస్తకమున మూడు గళ్లు గీయుడు. తెలుగున శాతము, తమిళమున సతవీతం, ఇంగ్లీషున పర్సెంటేజి. సగటు, సరాసరి, ఆవరేజి. నిష్పత్తి, విగితం, రేషియో. మన వడ్డియే వారికి వట్టి. దినమునకు ఐదేసి పదములు చేర్చినచో సంవత్సరాంతమునకు మీ నిఘంటువు మీ చేతిలోనే యుండును.

2. చేతిపని

ప్రభుత్వోద్యోగ మొక్కటే ఉద్యోగము కాదు. హోసూరులో లారీలు, మోటారు సైకిళ్లు, గడియారములు తయారగు పెద్ద కర్మాగారములు కలవు. వానికి విడిభాగములు చేయు చిన్న కార్ఖానాలు వాని చుట్టును వెలసినవి. అచ్చట కావలసినవారు ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు. ఐ.టి.ఐ.లో వెల్డరు శిక్షణ ఒక సంవత్సరము. ఎనిమిదవ తరగతి ముగించినవారును చేరవచ్చును. ఫిట్టరు, ఎలక్ట్రీషియను శిక్షణలు రెండేసి సంవత్సరములు. వీనికి పదియవ తరగతి కావలెను. పిమ్మట 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద కర్మాగారమున పని నేర్చుకొనుచు భృతి పొందవచ్చును. మూడు సంవత్సరముల పాలిటెక్నిక్ చదువునకు కూడ పదియవ తరగతియే మెట్టు.

"కొలిమి పనికి పంపుటకేనా చదివించినది?" అని యొక తండ్రి నన్నడిగెను. అయ్యా, కొలతను వెంట్రుకవాసి తప్పక చూచువానికి గణితము కావలెను. యంత్రపు పటమును చదువువానికి రేఖాగణితము కావలెను. చదివినవాని చేతిపని వేరు, చదువనివాని చేతిపని వేరు. బాలికలకును ఈ శిక్షణాలయములు తెరచియే యున్నవి.

3. పత్రములు

పరీక్ష నెగ్గి, పత్రముల పరిశీలనలో చిక్కుపడువారు మనలో నెక్కువ. కారణము మన పేర్లు. తెలుగువారికి ఇంటిపేరు ముందు. తమిళనాడున తండ్రిపేరు మొదటి అక్షరము ముందు. జనన పత్రమున ఇంటిపేరు, పాఠశాల పత్రమున తండ్రి అక్షరము, ఆధారులో రెండును లేక ఉత్త పేరు. ఇంట శ్రీనివాసులు, ఒక కాగితమున శ్రీనివాస్, మరియొక కాగితమున సీనివాసన్. ముగ్గురును ఒక్కడేయని అధికారికి నిరూపింపవలసిన భారము మీది. కావున తొమ్మిదవ తరగతిలోనే తల్లిదండ్రులు అన్ని పత్రములను ఒకచోట పరచి, పేరు, తండ్రిపేరు, పుట్టిన తేది అక్షరమక్షరము సరిచూడవలెను. పదియవ తరగతి ధ్రువపత్రము అచ్చుపడిన పిదప దిద్దించుట కష్టము.

కులధ్రువపత్రము విషయమునను జాగ్రత్త వహింపవలెను. వెనుకబడిన తరగతుల జాబితా రాష్ట్రమునకు వేరు, కేంద్రమునకు వేరు. కేంద్ర ఉద్యోగమునకు కేంద్రము నిర్ణయించిన నమూనాలోనే పత్రము తీసికొనవలెను.

మరియొక మాట. తెలుగు చదివితిమి గనుక ఆంధ్రప్రదేశమునకో, తెలంగాణమునకో పోయి ఉద్యోగము సంపాదింతుమని కొందరు తలచుచున్నారు. 1973లో రాజ్యాంగమునకు చేసిన 32వ సవరణచే చేరిన 371-డి అధికరణము ననుసరించి అచ్చటి ఉద్యోగములలో పెద్దభాగము అచ్చట చదివిన స్థానికులకే. భాష ఒకటియైనను మీరచ్చట స్థానికేతరులు. చదువునకై పొరుగు రాష్ట్రమునకు పోవువారు, ఆ పట్టము తమ రాష్ట్రమున చెల్లునా యని చేరకముందే విచారింపవలెను. నేను పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చినవాడను. ఆ శిక్షణ ఇచ్చటి శిక్షణతో సమానమని తెలుపు పత్రమునకై తిరిగిన తిరుగుడు నాకు తెలియును. ఆ శ్రమ మీకు వలదు.

4. ఎచ్చట వెదకవలెను? ఎవరిని నమ్మవలెను?

చదువు ముగిసినవెంటనే ఉపాధి కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనుడు. తమిళనాడున దానిని మూడు సంవత్సరముల కొకసారి పునరుద్ధరింపవలెను. మరచినచో వరుస పోవును. 2015లో కేంద్రము నెలకొల్పిన నేషనల్ కెరీర్ సర్వీసులో నమోదు ఉచితము. ప్రకటనను స్వయముగా మొదటినుండి చివరవరకు చదువుడు. ఇతరులచే దరఖాస్తు నింపించినను, పంపకముందు ప్రతి గడిని మీరే చూడుడు. నకలును దాచుకొనుడు.

ఉద్యోగ మిప్పింతునని ముందుగా ధనమడుగువాడు మోసగాడు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పై రెండు పరీక్షలకు గైకొను రుసుము 100 రూపాయలు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి అదియు లేదు. నగలు తాకట్టు పెట్టి లక్షలు సమర్పించిన కుటుంబములకు మిగులునది వడ్డి మాత్రమే.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పని దొరకు వరకు ఇంటనున్న బిడ్డను ఎత్తిపొడువకుడు. ఒక పరీక్ష తప్పినవాడు పనికిమాలినవాడు కాడు. మార్గము తెలియనివాడై యుండవచ్చును. నేను మొదట చెప్పిన బాలుడు మరల దరఖాస్తు చేసినాడు. ఈమారు భాష గడిలో తెలుగు అని తానే చేర్చి, ఆ నకలును తెచ్చి నాకు చూపెను. ఫలితము ఎట్లున్నను, వాడు తన పాఠమును తాను నేర్చినాడు.

అభ్యాసము

1. మీ జనన పత్రము, పాఠశాల పత్రము, ఆధారులలో మీ పేరు ఎట్లున్నదో చూచి వ్రాయుడు. భేదమున్నచో తల్లిదండ్రులకు చూపుడు.
2. 80 ప్రశ్నలకు 60 నిమిషములైనచో ఒక్కొక్క ప్రశ్నకు ఎన్ని సెకండ్లు?
3. గణితపు పదములు ఇరువదింటిని మూడు భాషలలో వ్రాయుడు.
4. మీ యూరిలో చేతిపనితో జీవించు ఒకరిని కలిసి, ఆ పని ఎట్లు నేర్చిరో అడిగి పది వాక్యములు వ్రాయుడు.