సొంత ఇంటిలోనే వృద్ధాప్యం: సంఘం చేయదగిన చిన్న సహాయం



తుంటి ఎముక విరిగి వచ్చే పెద్దలను ఎక్కడ పడ్డారని అడిగితే, చాలామంది చెప్పేది స్నానాల గది, గడప, లేదా రాత్రివేళ మంచం దిగిన చోటు. ఆపరేషన్ బాగా జరిగినా కొందరు మళ్లీ ఒంటరిగా ఇంట్లో ఉండలేరు. పిల్లలు దూరాన ఉంటారు. అప్పుడు ఇల్లు, వీధి, పలకరించే పొరుగువారు, ఆదివారపు ఆరాధన, అన్నీ ఒక్కసారే దూరమవుతాయి. పడకముందే ఇంటిని సరిచేస్తే ఈ నష్టాన్ని చాలావరకు తప్పించవచ్చు.

ఇంట్లో ఏమి మార్చాలి?

1. మరుగుదొడ్డి పక్కన, స్నానం చేసేచోట గోడకు గట్టి ఇనుప పట్టీ బిగించాలి.
2. కింద కూర్చోలేనివారికి కమోడ్ కుర్చీ ఉండాలి.
3. మంచం నుండి మరుగుదొడ్డి వరకు రాత్రంతా చిన్న దీపం వెలగాలి.
4. నున్నని బండలపై నీరు నిలువకూడదు. జారే పట్టాలు తీసివేయాలి.
5. బి.పి. మందులు వాడేవారు మంచం అంచున కాసేపు కూర్చుని, ఆ తరువాతే లేవాలి.

ప్రభుత్వ సహాయం

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు రూ. 4,000 చేశారు. తెలంగాణలో 2014లో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. 2017లో నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్రింద 60 ఏళ్లు దాటిన పేదలకు చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇస్తారు. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ వర్తింపజేశారు. కుటుంబానికి ఏడాదికి రూ. 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం లభిస్తుంది. వివరాలకు 14567 వృద్ధుల సహాయవాణికి ఫోన్ చేయవచ్చు.

అయితే గమనించండి: పింఛను తిండికి, మందులకే సరిపోతుంది. వయోశ్రీ కర్ర ఇస్తుంది గాని గోడకు పట్టీ బిగించదు. ఆయుష్మాన్ కార్డు పడిన తరువాత అక్కరకు వస్తుంది. పడకుండా కాపాడే ఆ చిన్న పని ఎవరి లెక్కలోను లేదు. అది మన లెక్కలోనికి రావాలి.

సంఘం ఏమి చేయగలదు?

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చదవండి. అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూసినప్పుడు ఆదిమ సంఘం జాలిపడి ఊరుకోలేదు. మంచిపేరున్న ఏడుగురిని ఏర్పరచి పని అప్పగించింది. మనమూ అలాగే చేయవచ్చు.

స్త్రీల సమాజం తీసిపెట్టే పిడికెడు బియ్యం, పంటకాలపు కానుకలలో కొంత భాగం వేరుగా ఉంచండి. ముగ్గురు నమ్మకస్థులు, వారితో ఒక నర్సు, ఇల్లిల్లు చూసి రావాలి. ఏమి కావాలో ముందు ఆ పెద్దవారినే అడగాలి. వారి ఇంటిలో వారి మాటే చెల్లాలి. డబ్బు మేస్త్రీకి, వడ్రంగికి నేరుగా ఇవ్వాలి. ఇది అప్పు కాదు, కానుక. లెక్కలు సంఘంలో చదవండి గాని పేర్లు చదవవద్దు. మన సంఘస్థులకే అని గిరి గీయవద్దు. నెల తరువాత మరల వెళ్లి, బిగించినది వాడుతున్నారో లేదో చూడండి.

ఆలోచించండి

మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవారు ఎందరు? రాత్రివేళ వారి ఇంట దీపం ఉందా? ఈ వారమే ఒక ఇంటికి వెళ్లి చూసి రండి. పెద్దలను ఘనపరచుట అక్కడే మొదలవుతుంది.