పాఠం: ఊళ్లో కొత్త ఇల్లు – పనుల గది ఎక్కడ?

పిల్లలూ, మీలో చాలామంది దోహాలోనో, అల్ వక్రాలోనో అద్దె ఇంట్లో ఉంటారు కదా! ఖతర్‌లో బయటి దేశాల వాళ్లు ఇల్లు కొనడానికి పెర్ల్ వంటి కొన్ని చోట్ల మాత్రమే వీలుంది. అందుకే ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది సొంతిల్లు ఊళ్లోనే కట్టుకుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమ వైపు వెళ్తే గల్ఫ్ సంపాదనతో కట్టిన ఇళ్లు ఎన్నో కనిపిస్తాయి.

కానీ ఒక చిక్కుంది. ఇల్లు కట్టేది అక్కడ, మనం ఉండేది ఇక్కడ. రోజూ వెళ్లి మేస్త్రీతో "కుళాయి ఇటు పెట్టండి" అని చెప్పలేం. కాగితం మీద ఏముంటే అదే కడతారు. మరిచిపోయింది గోడలు లేచాక గుర్తొస్తే పగలగొట్టాల్సిందే. అందుకే ప్లాను చదవడం మీకూ రావాలి.

ప్లాను అంటే ఏమిటి?

పైకప్పు తీసేసి పైనుంచి చూస్తే ఇల్లు ఎలా ఉంటుందో, ఆ బొమ్మే ప్లాను. ఇక్కడ మీరు మీటర్లలో కొలుస్తారు. ఊళ్లో అడుగులు, గజాలు. 3 అడుగులు ఒక గజం. "200 గజాల స్థలం" అంటే 200 చదరపు గజాలు. ఒక చదరపు గజానికి 9 చదరపు అడుగులు. అంటే మొత్తం 1,800 చదరపు అడుగులు. మీటర్లలో చెప్తే సుమారు 167 చదరపు మీటర్లు.

గళ్ల కాగితం తీసుకోండి. ఒక గడి ఒక అడుగు అనుకుందాం. 30 గళ్ల వెడల్పు, 60 గళ్ల పొడవు గీస్తే మన స్థలం వచ్చేసింది. చుట్టూ కొంత ఖాళీ వదిలి, లోపల ఇల్లు గీయాలి.

దోహా ఇల్లు అక్కడికి సరిపోతుందా?

దోహాలోని మ్షైరిబ్ మ్యూజియంలలో రద్వానీ హౌస్ అనే పాత ఇల్లుంది. 1920లలో కట్టినది. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. కోనసీమలో మన మండువా ఇల్లూ అలాగే ఉంటుంది, మధ్యలో పైకప్పు ఉండదు. అయితే అక్కడ వాన నేరుగా మండువాలో పడుతుంది, ఆ నీళ్లు తూములోంచి బయటికి పోతాయి. చూడ్డానికి ఒకలాగే ఉన్నా, ఒకటి ఎండను చూసి కట్టింది, ఇంకొకటి వానను కూడా చూసి కట్టింది.

పనుల గదీ అంతే. దీన్ని ఇప్పుడు అందరూ యుటిలిటీ అనో, వాష్ ఏరియా అనో అంటారు. పాత ఇళ్లలో ఈ పనులన్నీ పెరట్లో, బావి దగ్గర జరిగేవి. దోహాలో దుమ్ము రాకుండా ఈ గదిని మూసి ఉంచుతాం. ఎండాకాలంలో బట్టలు చూస్తుండగానే ఆరిపోతాయి. ఊళ్లో ముసురు పడితే రెండు రోజులైనా ఆరవు. కాబట్టి అక్కడ ఒకవైపు గాలి వచ్చేలా గ్రిల్, పైన కప్పు, దాని కింద దండెం కట్టే చోటు కావాలి.

కొలిచి చూద్దాం

వంటింటి పక్కనే, పెరటి వైపు 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గది గీయండి. వాషింగ్ మెషిన్ లోతు సుమారు 2 అడుగులు. ముందు నిలబడి, తలుపు తీసి బట్టలు వేయడానికి 3 అడుగులు. అంతే, 5 అడుగులు అయిపోయాయి! పొడవులో మెషిన్‌కి 2, అంట్లు తోమే తొట్టికి 3, బకెట్లకీ చీపురుకీ 3 అడుగులు.

ఇంకా మూడు సంగతులు ప్లాను మీద రాయించాలి.

1. ఈ గది నేల వంటింటి నేల కన్నా కాస్త కిందికి ఉండాలి, తూము వైపు వాలుగా ఉండాలి. లేకపోతే నీళ్లు వంటింట్లోకి వస్తాయి.
2. గ్యాస్ సిలిండర్ ఇక్కడ పెడితే నేలకు దగ్గరగా గాలి పోయే సందు ఉండాలి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే కిందే చేరుతుంది.
3. తొట్టి నడుము ఎత్తులో ఉండాలి. వెనకటి రోజుల్లో గొంతుక్కూర్చుని తోమేవాళ్లు. మోకాళ్ల నొప్పులున్న నానమ్మ అలా కూర్చోలేదు.

అక్కడ ఎవరు పని చేస్తారు?

లెక్క చూడండి. ఈ గది 40 చదరపు అడుగులు, మన స్థలంలో 45వ వంతు. హాలు గురించి, మేడ గురించి గంటలు మాట్లాడుకుంటాం. ఈ 45వ వంతు గురించి ఎవరూ మాట్లాడరు. కానీ పొద్దున, సాయంత్రం ఎవరో ఒకరు అక్కడ నిలబడే ఉంటారు. అమ్మ కావచ్చు, నానమ్మ కావచ్చు, పనికి వచ్చే ఆవిడ కావచ్చు.

ఇక్కడి విల్లాల్లో ఇంటి పని చేసేవాళ్లు ఉండే గది కూడా చాలాసార్లు ఇలాంటి మూలనే ఉంటుంది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఎందరో ఆడవాళ్లు ఈ పనికే గల్ఫ్‌కు వస్తారు. ఖతర్‌లో 2017 నాటి 15వ నంబరు చట్టం ప్రకారం వాళ్లకు తగిన వసతి, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. తగిన వసతి అనేది కూడా ప్లాను గీసేటప్పుడే మొదలవుతుంది. కిటికీ గీస్తేనే కదా గాలి వచ్చేది!

కొత్త మాటలు

పెరడు – ఇంటి వెనక ఖాళీ స్థలం
మండువా – ఇంటి మధ్యలో పైకప్పు లేని చోటు
తూము – నీళ్లు బయటికి పోయే దారి
అంట్లు – తిన్న, వండిన గిన్నెలు
దండెం – బట్టలు ఆరేసే తాడు
ముసురు – ఆగకుండా పడే సన్నని వాన

అభ్యాసం

1. మీ ఇంట్లో వాషింగ్ మెషిన్‌ను టేపుతో కొలవండి. సెంటీమీటర్లను 30తో భాగిస్తే సుమారు ఎన్ని అడుగులో తెలుస్తుంది.
2. గళ్ల కాగితం మీద పనుల గది గీసి తలుపు, కిటికీ, కుళాయి, తూము గుర్తు పెట్టండి.
3. ఊరికి ఫోన్ చేసి తెలుగులో అడగండి: "నానమ్మా, తొట్టి ఎంత ఎత్తుంటే నీకు నడుము నొప్పి రాదు? వానాకాలంలో బట్టలు ఎక్కడ ఆరేస్తావు? ఆ గదిలో ఇంకేం కావాలి?"
4. ఆమె చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి. మీ ప్లాను మార్చాల్సి వస్తే మార్చి, అమ్మానాన్నలకు చూపించండి.