ఏడున్నర నిమిషాలు దయాధర్మమా?

సమస్య

మాది హయత్‌నగర్. నాకు 19 ఏళ్లు, డిగ్రీ చదువుతున్నాను. అగ్నివీర్‌గా ఆర్మీ మహిళా మిలిటరీ పోలీస్‌లో చేరాలని ఆశ. మా మేనత్త కొడుకు కూడా అగ్నివీర్‌కే తయారవుతున్నాడు. తెల్లారకముందే ఇద్దరం హైవే పక్క సర్వీస్ రోడ్డు మీద పరుగెత్తుతాం. 1.6 కిలోమీటర్లు ఏడు నిమిషాల ఇరవై సెకన్లలో పూర్తి చేస్తున్నానని సంబరంగా చెబితే, బావ ఇంట్లో అందరి ముందూ "మేం ఐదున్నరల ఉరికితేనే ఫుల్ మార్కులు. మీకేమో ఏడున్నర. బార్డర్ల శత్రువు ఆడపిల్ల అని ఆగుతడా?" అన్నాడు. నాన్న కూడా నవ్వారు. అప్పటినుంచి ఆరు నిమిషాల్లో పరుగెత్తాలని రోజూ ప్రయత్నిస్తున్నాను. ఒళ్లు తేలికవుతుందని రాత్రి అన్నం మానేశాను. ఇప్పుడు మోకాలి కింద ముందు ఎముక నొప్పి పెడుతోంది. దయతో ఇచ్చే ఉద్యోగం నాకొద్దు. మగవాళ్ల టైమింగ్ అందుకోలేకపోతే ఈ ఆశ వదులుకోవాలా?

– ఒక పాఠకురాలు, హయత్‌నగర్

సలహా

అమ్మా, ముందు నీ కాలు సంగతి చూద్దాం. పరుగు వెంటనే ఆపు. ఆ ఎముక మీద వేలితో నొక్కినప్పుడు ఒకేచోట ప్రాణం లాగేస్తుంటే సన్నటి పగులు కావచ్చు, ఎముకల డాక్టర్‌కు చూపించు. సైనిక శిక్షణలో ఇలాంటి పగుళ్లు మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ. తిండి తగ్గించి పరుగు పెంచితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నెలసరి తప్పుతుంటే అది కూడా డాక్టర్‌కు దాచకుండా చెప్పు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రక్తం తక్కువైతే ఎంత పట్టుదలున్నా ఊపిరి అందదు. రాత్రి అన్నం ఈరోజే మొదలుపెట్టు.

ఇక మీ బావ మాట. అందులో కొంత నిజముంది. గాయపడిన జవానును మోయాల్సి వస్తే, మోసేది ఎవరైనా అతని బరువు తగ్గదు. అలాంటి పనికి పెట్టే పరీక్ష ఆడామగా ఇద్దరికీ ఒకటే ఉండాలని నేనూ అంటాను. అమెరికా సైన్యం 2025లో నేరుగా పోరాడే 21 రకాల ఉద్యోగాలకు అలాగే చేసింది, మిగతావాటికి ఆడామగా తేడాను లెక్కలో ఉంచింది. కానీ నీ 1.6 కిలోమీటర్ల పరుగు ఆ తరహా పరీక్ష కాదు. నీ గుండె, ఊపిరితిత్తులు శిక్షణకు తట్టుకుంటాయా లేదా అని చూసేది. సగటున ఆడవాళ్ల గుండె చిన్నది, హిమోగ్లోబిన్ తక్కువ. మగవాళ్లతో సమానంగా చెమటోడ్చినా టైమింగ్ సమానంగా రాదు. మగ జవాన్లకే సర్వీసులో జరిగే పరుగు పరీక్షల్లో వయసు పెరిగేకొద్దీ గడువు పెంచుతారు. నలభై దాటిన హవల్దారుకు ఇచ్చే ఆ అదనపు సమయాన్ని మీ బావ దయ అంటాడా?

అందరికీ ఒకే కొలత పెడితే న్యాయం జరిగినట్టే అనుకునేవాళ్లు 2021 మార్చిలో లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలుసుకోవాలి. పదవీ విరమణ వరకు సైన్యంలో కొనసాగనిచ్చే పర్మనెంట్ కమిషన్ కోసం మగ అధికారులను సర్వీసు ఐదో ఏటో పదో ఏటో పరీక్షించిన ఆరోగ్య ప్రమాణాన్నే, ఏళ్ల తరబడి ఆ అవకాశమే దక్కని మహిళా అధికారులకు నడివయసులో పెట్టారు. పైకి చూస్తే కొలత ఒక్కటే. కోర్టు మాత్రం దాన్ని వివక్ష అంది. నాకు ఆ తీర్పంటే ఎంతో గౌరవం.

నువ్వు చేరాలనుకుంటున్న విభాగంలో మొదటి బ్యాచ్ 83 మంది 2021 మేలో బెంగళూరులో శిక్షణ పూర్తి చేసుకుని బయటికొచ్చారు. వాళ్లను సైన్యం జాలిపడి తీసుకోలేదు. పరుగొక్కటే కాదు, పది అడుగుల లాంగ్‌జంప్, మూడడుగుల హైజంప్ కూడా దాటాలి. వాటి సాధన గురించి నీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు, నాకు అదే దిగులు.

డాక్టర్ సరేనన్నాక తారు రోడ్డు వదిలి మట్టి నేల మీద నెమ్మదిగా మొదలుపెట్టు. వారంలో రెండు రోజులు పరుగు జోలికి పోకు. ఆరు నిమిషాల లెక్క మనసులోంచి తీసెయ్. అలాగని పది సెకన్ల వెసులుబాటుతో నియామక ర్యాలీకి వెళ్లకు, కొత్త మైదానంలో, అంతమంది మధ్య అది చాలదు. ఏడు నిమిషాలకు తెచ్చుకో. మీ నాన్నగారితో ఒంటరిగా మాట్లాడు. ఆ నవ్వు నిన్నెంత నొప్పించిందో ఆయనకు తెలిసి ఉండదు, డాక్టర్ దగ్గరికి ఆయన్నే తోడు రమ్మను.