గ్రాంటు ఇస్తామంటున్నారా? ఆ డబ్బు ఎక్కడిదో అడగండి

మండల కేంద్రంలో సాయంత్రం పూట పేద పిల్లలకు ట్యూషన్ సెంటర్ నడిపే ఒక సొసైటీ ఉందనుకుందాం. ఒకే నెలలో ముగ్గురు దాతలు ముందుకొచ్చారు. హైదరాబాద్‌లోని ఒక ఫౌండేషన్ అయిదు లక్షల గ్రాంటుకు దరఖాస్తు పెట్టుకోమంది. ఊరి పొలిమేరలోని సిమెంటు ఫ్యాక్టరీ కంప్యూటర్లు కొనిస్తానంది. డాలస్‌లో స్థిరపడ్డ ఊరి మనిషి రెండు వేల డాలర్లు పంపుతానన్నాడు. సొసైటీ కార్యదర్శి సంబరపడిపోయి ముగ్గురికీ ఒకే బ్యాంకు ఖాతా నంబరు పంపేశాడు.

ముగ్గురి డబ్బూ పిల్లల చదువుకే. కానీ చట్టం ముందు ఖర్చును చూడదు, రాకను చూస్తుంది. ఇవి మూడు రకాల డబ్బులు, వీటి వెనక మూడు రకాల నిబంధనలు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మీరితే జైలు శిక్ష కూడా పడవచ్చు.

మొదట ఫౌండేషన్ సంగతి. ఒక ప్రాంతంలోని దాతల సొమ్మును ఒకచోట చేర్చి, అక్కడి సంస్థలకే గ్రాంట్లుగా పంచే కమ్యూనిటీ ఫౌండేషన్ పద్ధతి 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో మొదలైంది. ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు దానికి ఆద్యుడు. మన చట్టాల్లో మాత్రం ఆ పేరుతో ప్రత్యేక వర్గమేదీ లేదు. ఫౌండేషన్ బోర్డు మీద ఏ పేరున్నా లోపల అది ఒక ట్రస్టో, సొసైటీయో, కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కంపెనీయో అయి ఉంటుంది. కాబట్టి గ్రాంటు తీసుకునే సంస్థ అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత ఇస్తారు’ అన్నది కాదు. ‘ఇది వ్యక్తుల విరాళమా, కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) సొమ్మా, విదేశీ నిధా?’ అన్నది. ఈ జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.

ముందు సొంత ఇల్లు

తెలుగు రాష్ట్రాల్లో సొసైటీలకు ఆధారం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. ఏడుగురు సభ్యులు కలిసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. అంతటితో పని అయిపోయిందనుకోవడమే చాలా సంఘాలు చేసే పొరపాటు. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రార్‌కు అందజేయాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి. అధ్యక్షుడు మారి నాలుగేళ్లయినా రికార్డుల్లో పాత పేరే కనిపిస్తే, దరఖాస్తు మీద సంతకం పెట్టే అధికారం ఎవరికుందన్న ప్రశ్న దగ్గరే ఫౌండేషన్ ఆగిపోతుంది. బైలాలోని ఆశయాలనూ ఒకసారి చదువుకోవాలి. క్రీడల అభివృద్ధికి పెట్టిన సంఘం చదువు పేరుతో గ్రాంటు అడిగితే, ముందు బైలా సవరణ చేసుకుని రమ్మంటారు.

తర్వాతివి ఆదాయపు పన్ను శాఖ కాగితాలు. అందరూ వాడుకలో ‘12ఏ, 80జీ’ అనేవి ఇవే. మొదటిది సంస్థ ఆదాయానికి, రెండోది దాతకు పన్ను మినహాయింపునిస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి ఇవి శాశ్వతం కావు, గడువు తీరేలోపే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవాలి. ఇంకా పని మొదలుపెట్టని కొత్త సంస్థకు మూడేళ్ల తాత్కాలిక నమోదు ఇస్తారు. రెగ్యులర్ నమోదుకు మామూలుగా అయిదేళ్ల గడువు ఉంటుంది. తక్కువ ఆదాయమున్న సంస్థలకు 12ఏ నమోదు గడువును 2025 ఆర్థిక చట్టం పదేళ్లకు పెంచింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. పాత సర్టిఫికెట్ చూసి ధీమాగా ఉండకుండా, గడువు తేదీని ఆడిటర్‌తో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. ప్రభుత్వ గ్రాంట్లకు ఆ నంబరు అడుగుతారు.

ఊరి దాత, ఊరి ఫ్యాక్టరీ

వ్యక్తులిచ్చే విరాళాల్లో చిక్కులు తక్కువ. 80జీ కింద దాతకు పన్ను మినహాయింపు కావాలంటే రెండు వేల రూపాయలకు మించిన మొత్తం నగదుగా ఇవ్వకూడదు. కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకు ఈ మినహాయింపు ఉండదు. ‘మాకిస్తే మీకు పన్ను మిగులుతుంది’ అని అందరికీ ఒకే మాట చెప్పడం ఇక కుదరదు.

ఫౌండేషన్ల లెక్క వేరు. ఒక ధార్మిక సంస్థ మరో ధార్మిక సంస్థకు ఇచ్చిన విరాళంలో 85 శాతాన్నే ఆశయాల కోసం చేసిన ఖర్చుగా పరిగణించాలని 2023 ఆర్థిక చట్టం మార్పు తెచ్చింది. నేరుగా తానే ఖర్చు చేస్తే నూటికి నూరు రూపాయలూ లెక్కలోకి వస్తాయి, చిన్న సంస్థకు ఇస్తే ఎనభై అయిదే వస్తాయి. ఫౌండేషన్లు గ్రాంటు ఇచ్చే ముందు సవాలక్ష కాగితాలు అడగడానికి ఇదీ ఒక కారణం.

ఫ్యాక్టరీ సొమ్ము దగ్గరికి వస్తే కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 135 చూడాలి. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం. వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ సీఎస్‌ఆర్ పరిధిలోకి వస్తుంది. గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి, చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యమివ్వాలని కూడా ఆ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తులో ఆ మాటను ఉటంకించవచ్చు. అయితే అది మార్గదర్శకమే తప్ప తప్పనిసరి కాదని కంపెనీ వ్యవహారాల శాఖ 2021లో వివరణ ఇచ్చింది. కాబట్టి ‘మా ఊరికే ఇవ్వాలి’ అని కోర్టుకెక్కితే నిలవదు.

సీఎస్‌ఆర్ పని చేపట్టే సంస్థ సీఎస్‌ఆర్-1 అనే ఫారంతో ముందుగా నమోదు కావాలి. 12ఏ, 80జీ నమోదులతో పాటు, అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవమూ ఉండాలి. 2021 జనవరి తర్వాత సంస్థ మూలనిధికి ఇచ్చే సొమ్ము సీఎస్‌ఆర్ ఖర్చు కింద చెల్లదు. ‘బ్యాంకులో డిపాజిట్ వేసుకుని వడ్డీతో నడుపుకుంటాం’ అనే ప్రతిపాదన తిరిగిరావడం ఖాయం.

సంస్థకు అనుకూలంగా ఉన్న నిబంధనలూ ఉన్నాయి. పరిపాలనా ఖర్చులు 5 శాతం మించరాదన్న పరిమితి, సీఎస్‌ఆర్ వ్యవహారాలను నిర్వహించడానికి కంపెనీకి అయ్యే ఖర్చుకు సంబంధించింది. ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ట్యూషన్ చెప్పే టీచరు జీతాన్ని ఆ 5 శాతంలోనే సర్దుకోమని ఎవరైనా అంటే, నియమం అది కాదని మర్యాదగా చెప్పవచ్చు. ఇక కొనిచ్చిన కంప్యూటర్లు కంపెనీ ఆస్తిగా ఉండటానికి వీల్లేదు. సీఎస్‌ఆర్ నమోదు ఉన్న సొసైటీ పేరిటో, ట్రస్టు పేరిటో, లబ్ధిదారుల సంఘం పేరిటో, ప్రభుత్వ సంస్థ పేరిటో ఉండాలి.

డాలర్ల దగ్గర ఆగాలి

తెలుగు ఊళ్లకు అమెరికా బంధం గట్టిది. బడి గదులు, మంచినీటి ప్లాంట్లు, శ్మశాన వాటికల దాకా అక్కడి నుంచి సాయం అందుతోంది. ఇక్కడే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 అడ్డొస్తుంది. వాడుకలో ఎఫ్‌సీఆర్‌ఏ.

డాలస్ మనిషికి ఇంకా భారత పౌరసత్వం ఉండి, సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. సొసైటీ పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకుంటే చాలు. ఆయన అమెరికా పౌరుడై ఉంటే, చేతిలో భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. సెలవులకు ఊరొచ్చి రూపాయల్లో ఇచ్చినా అంతే. తమ్ముడి ఖాతాలో వేసి అక్కడి నుంచి మళ్లించినా తప్పించుకోలేరు. ఒకరి ద్వారాగానీ పలువురి ద్వారాగానీ చేరిన విదేశీ సొమ్ము కూడా విదేశీ విరాళమేనని చట్టం స్పష్టంగా చెప్పింది. అక్కడి తెలుగు సంఘాలు ఆ దేశపు చట్టాల కింద ఏర్పడినవి కాబట్టి వాటి సాయానికీ ఇదే సూత్రం. అనుమతి లేకుండా తీసుకుంటే అయిదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అంత స్తోమత లేని సంస్థ నిర్దిష్ట దాత నుంచి, నిర్దిష్ట పనికి కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి కోరవచ్చు. విదేశీ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. దేశీయ విరాళాలను అందులో కలపకూడదు.

ఒకప్పుడు పెద్ద సంస్థలు విదేశీ నిధులు తెచ్చి, పల్లెల్లోని చిన్న సంఘాలకు ఉప గ్రాంట్లుగా పంచేవి. 2020 సెప్టెంబరులో చట్ట సవరణ ఆ దారిని పూర్తిగా మూసేసింది. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉన్నా బదిలీ కుదరదు. ఈ సవరణలను నోయెల్ హార్పర్ కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. విదేశీ విరాళం పొందడం పూర్తి హక్కేమీ కాదని తేల్చింది. నమోదు ఉన్న సంస్థకూ పునరుద్ధరణ దగ్గర చిక్కు రావచ్చు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ రాకతో అనంతపురంలో వేళ్లూనుకున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు విషయమే చూడండి. 2025లో ఆ సంస్థ ఎఫ్‌సీఆర్‌ఏ రెన్యువల్ నిలిచిపోయినప్పుడు జిల్లాలో జనం రోడ్డెక్కారు. అంత పెద్ద సంస్థకే తప్పని ఇబ్బంది ఇది.

సంతకానికి ముందు

గ్రాంటు మంజూరైందన్న ఆనందంలో ఒప్పందాన్ని చదవకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. కనీసం నాలుగు విషయాలు చూసుకోవాలి. వాయిదాల్లో ఇచ్చే సొమ్ములో రెండో వాయిదా ఏ షరతు మీద వస్తుంది? పుస్తకాలకని రాసిన డబ్బును అద్దెకు వాడాలంటే ఎవరి అనుమతి కావాలి? మధ్యలో ఫౌండేషన్ ఆపేస్తే అప్పటికే చేసిన ఖర్చు ఎవరిది? తగాదా వస్తే ఏ ఊరి కోర్టు? ముంబై కోర్టని రాసి ఉంటే జిల్లా కేంద్రానికి మార్చమని అడగవచ్చు. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, అడగడంలో తప్పేమీ లేదు.

దాత పేరు రాసే సంగతి ఒకటుంది. ఫ్యాను రెక్కల మీద, బెంచీల వెనక దాతల పేర్లు రాయించడం మన దగ్గర మామూలే. కృతజ్ఞతగా పేరు మాత్రమే రాస్తే జీఎస్టీ వర్తించదని 2019 అక్టోబరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. అదే బోర్డు మీద దుకాణం సరుకుకు ప్రచారం చేస్తే అది ప్రకటన, పన్ను ప్రశ్న తలెత్తుతుంది.

‘సీఎస్‌ఆర్ నిధులు ఇప్పిస్తాం, పది శాతం ముందు కట్టండి’ అనేవాళ్లను గుమ్మంలోంచే పంపించేయాలి. 2025 ఆరంభంలో కేరళలో బయటపడ్డ సగం ధర స్కూటర్ల మోసం ఇలాంటిదే. మిగతా సగం సీఎస్‌ఆర్ నిధుల నుంచి వస్తుందని నమ్మించి, స్థానిక సంఘాల ద్వారా మహిళల నుంచి డబ్బు వసూలు చేశారు. బాధితులు ముందుగా నిలదీసింది ఊళ్లోని సంఘాలనే.

లెక్క అడిగే హక్కు ఎవరిది?

ప్రైవేటు ఫౌండేషన్ దరఖాస్తును తిరస్కరిస్తే కారణం చెప్పమని బలవంతం చేసే చట్టం లేదు. ప్రభుత్వ శాఖ గ్రాంటు అయితే ఆ ఫైలు మీద ఏం రాశారో సమాచార హక్కు చట్టం కింద తెలుసుకోవచ్చు. ఖర్చు చూపించే బాధ్యత మాత్రం ఎవరి సొమ్ముకైనా ఉంటుంది. కేంద్ర గ్రాంటుకు వినియోగ ధ్రువపత్రాన్ని ఆర్థిక సంవత్సరం ముగిసిన ఏడాదిలోపు ఇవ్వాలి. ధార్మిక సంస్థలు ఖాతా పుస్తకాలను పదేళ్లు భద్రపరచాలని 2022లో ఆదాయపు పన్ను నిబంధన వచ్చింది.

ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే స్వచ్ఛంద సంస్థ సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుందని డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అలాంటి సొసైటీ తన సమాచార అధికారిని నియమించుకోవాలి. ట్యూషన్‌కు వచ్చే పిల్లాడి తండ్రి అర్జీ పెట్టి గ్రాంటు ఎలా ఖర్చయిందని అడిగితే, మామూలుగా 30 రోజుల్లో జవాబు రాయాల్సింది ఆ అధికారే.