వెనక టైరు లావైతే బండి బలమా?

ఈ నెల ఉత్తరాల్లో నాలుగు ఒకే చక్రం చుట్టూ తిరిగాయి. అందుకే ఇంజన్ ఆయిలు, బ్యాటరీ ప్రశ్నల్ని వచ్చే నెలకి జరిపాను.

ప్రశ్న: అన్నగారూ, కిందటేడు రాయల్ ఎన్‌ఫీల్డ్ ఐఎన్‌టీ 650 కొన్నాను. ముందు నుంచి చూస్తే రాజాలా ఉంటుంది. వెనక నుంచి చూస్తే టైరు పీలగా కనిపిస్తుంది. 130 తీసేసి 150 వేయిద్దామనుకుంటున్నాను. గ్రిప్పు కూడా పెరుగుతుందని ఒక ఫ్రెండు అంటున్నాడు. వేయించమంటారా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ముందు మీ బండి పేరు సంగతి. ఇండియాలో ఇది ఇంటర్‌సెప్టర్. అమెరికాలో ఆ పేరు మీద హక్కు హోండాది కాబట్టి ఇక్కడ ఐఎన్‌టీ అని అమ్ముతున్నారు. పేరు మారింది గానీ చక్రాలు మారలేదు. ముందు 100/90-18, వెనక 130/70-18. వెనక రిమ్ము వెడల్పు మూడున్నర అంగుళాలు. మీ ప్రశ్నకి జవాబంతా ఈ మూడున్నరలోనే ఉంది.

టైరు కొనేటప్పుడు మనం చూసేది పక్కన రాసిన అంకె. టైరుకి కావలసింది కూర్చోడానికి తగిన పీట. 130 టైరుకి మూడున్నర అంగుళాల రిమ్ము సరైన పీట. 150 టైరుని కంపెనీ కొలిచేది నాలుగు అంగుళాల రిమ్ము మీద. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు వెడల్పు దాదాపు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంటే మీరు 150కి డబ్బులు కడితే చేతికొచ్చేది 145. అంతటితో అయిపోలేదు. అంచులు రెండూ లోపలికి నొక్కుకుపోయి నడినెత్తి పైకి లేస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన టైరు కాస్త కోసుగా తయారవుతుంది. మీరుండే చోట రోడ్లు గీత గీసినట్టు ఉంటాయి. డాలస్ నార్త్ టోల్‌వే మీద రోజూ ఆఫీసుకి వెళ్లొస్తే ఆ నడినెత్తే అరిగి చదునవుతుంది. అంచుల రబ్బరు కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

ఇక ఎత్తు. 130/70లో 70 అంటే టైరు గోడ ఎత్తు వెడల్పులో 70 శాతం, అంటే 91 మిల్లీమీటర్లు. 150/70లో అదే 105. కాబట్టి వెనక ఇరుసు 14 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. చక్రం చుట్టుకొలత 4.4 శాతం పెరుగుతుంది. వెనక లేచిందంటే ముందు ఫోర్కు ఇంకాస్త నిటారవుతుంది, హ్యాండిల్ స్వభావం మారుతుంది. చుట్టుకొలత పెరిగిందంటే ప్రతి గేరూ కొంచెం బరువెక్కినట్టే. సిగ్నల్ దగ్గర బండి బద్ధకంగా కదులుతుంది. వెనక చక్రం నుంచో గేర్‌బాక్స్ నుంచో వేగం లెక్కించే మీటరైతే, అది 65 చూపించినప్పుడు మీరు నిజంగా వెళ్లేది 68. పోలీసాయనకి ఈ లెక్క చెప్పి ప్రయోజనం లేదు. ఏబీఎస్ రెండు చక్రాల వేగాల్నీ పోల్చుకుంటూ పనిచేస్తుంది. దాని లెక్కలో వెనక చక్రం ఇంకా పాత సైజులోనే ఉంటుంది.

గ్రిప్పు గురించి మీ ఫ్రెండు చెప్పింది చాలామంది నమ్మేదే. రోడ్డుని తాకే రబ్బరు ఎంత అన్నది ముఖ్యంగా బండి బరువు, టైరులోని గాలి తేల్చే విషయం. వెడల్పు పెంచితే ఆ మచ్చ ఆకారం మారుతుంది. నిలువు తగ్గి అడ్డం పెరుగుతుంది, అంతే. పైగా మలుపులో బండిని ఒరిగించినప్పుడు లావు టైరు రోడ్డుని తాకే చోటు లోపలి వైపుకి ఎక్కువ జరుగుతుంది. దాన్ని సరిదిద్దడానికి అదే మలుపుకి, అదే వేగానికి బండిని మరికాస్త ఒరిగించాలి. సన్నటి సైకిలు ఎంత తేలిగ్గా పక్కకి వాలుతుందో గుర్తు తెచ్చుకోండి. వానలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద కూడా వెడల్పాటి టైరు తేలిపోవడానికే ముందుంటుంది.

మీది 47 హార్స్‌పవర్ ఇంజను. 190, 200 టైర్లు వేసుకొచ్చే రేసు బళ్లలో చాలావాటికి 200 హార్స్‌పవర్ దాకా ఉంటుంది. ఆ రబ్బరు వాటికి అవసరం. మనం చిన్నప్పుడు చూసిన పాత బుల్లెట్లకి వెనక టైరు 3.25-19. అంటే దాదాపు 83 మిల్లీమీటర్లు. ముందు ట్యాంకు మీద పిల్లవాడు, వెనక సీటు మీద భార్య, ఆవిడ ఒళ్లో ఇంకో పిల్ల, పక్కన బియ్యం సంచి. ఆ టైరు పీలగా ఉందని ఎవరూ అనుకోగా నేను వినలేదు.

అందంగా కనిపించాలన్న కోరిక తప్పని మాత్రం అనను. ఆ కోరిక తీరాలంటే 140/70-18 వేయించండి. మూడున్నర రిమ్ము మీద అది ఇమడగలదు, ఎత్తు పెరిగేది 7 మిల్లీమీటర్లే. కొనే ముందు ఆ కంపెనీ ఒప్పుకునే రిమ్ము వెడల్పులు చూసుకోండి. చైను వైపు, స్వింగార్మ్ వైపు ఎంత ఖాళీ ఉందో కొలవండి. రెండు పక్కలా కనీసం 5 మిల్లీమీటర్లు మిగలాలి. చైను బిగించినప్పుడల్లా చక్రం ముందుకో వెనక్కో జరుగుతుంది కాబట్టి ఆ జరిగే దూరమంతా కొలవాలి. మీవి స్పోకుల చక్రాలైతే లోపల ట్యూబు ఉంటుంది. టైరుతో పాటు ఆ సైజుకి తగిన కొత్త ట్యూబు కూడా వేయించండి. పాత ట్యూబునే సాగదీసి సరిపెడితే పలచబడి హైవే మీద మోసం చేస్తుంది.

గ్రిప్పే కావాలంటే వెడల్పు మీద పెట్టే డబ్బు రబ్బరు మీద పెట్టండి. అదే 130లో మెత్తటి, మంచి రకం టైరు దొరుకుతుంది. తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

ప్రశ్న: 150 టైరు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికితే కొని షాపుకి తీసుకెళ్లాను. బండి పుస్తకంలో లేని సైజు వేయం అని వెనక్కి పంపేశారు. బిగించే కూలి ఇస్తామంటే వాళ్లకి నొప్పేమిటి? వారంటీ కూడా పోతుందని బెదిరించారు.
— ఒక పాఠకుడు, షార్లెట్, నార్త్ కరొలైనా

జవాబు: విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అయితే అడిగింది బిగించి, చైను కవరు తగులుతుంటే అదీ వంచి, టీ తాగి వెళ్లమనేవాళ్లు. ఇక్కడ ఆ టైరు వల్ల ఏదైనా జరిగితే మొదట కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చేది బిగించినవాడికే. వాళ్ల నొప్పి అది. దాన్ని నేను తప్పుపట్టను.

వారంటీ మాటలో సగమే నిజం. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి భాగం వేసుకున్నంత మాత్రాన కంపెనీ మొత్తం వారంటీ రద్దు చేయకూడదు. కానీ ఆ భాగం వల్లే చెడిందంటే ఆ మరమ్మతు ఖర్చు మీదే. లావు టైరు చైనుకి రాసుకుని చైను పాడైతే ఏ చట్టమూ మిమ్మల్ని కాపాడదు. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

చవగ్గా దొరికిందన్నారు. టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాల తర్వాత వచ్చే వరుసలో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. కొత్తదే, వాడనిదే, కానీ ముసలిది. తిప్పి పంపేయండి. షార్లెట్ నుంచి డీల్స్ గ్యాప్ ఒక్కపూట ప్రయాణం. అక్కడ 129వ నంబరు రోడ్డు మీద 11 మైళ్లలో 318 మలుపులు. దాన్ని డ్రాగన్ తోక అంటారు. ఒక్కసారి మీ పాత టైరుతోనే ఆ రోడ్డు ఎక్కి రండి, అంచుల్లో ఇంకా ఎంత రబ్బరు వాడకుండా మిగిలిందో చూసి ఆ తర్వాత లావు టైరు సంగతి ఆలోచిద్దాం.

ప్రశ్న: నాది యమహా ఆర్3. 140/70-17 అరిగిపోయింది. 150/60-17 వేయొచ్చా? మీరు వద్దంటారని తెలిసే అడుగుతున్నా.
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: వేయండమ్మా. నేను ప్రతిదానికీ వద్దనే మనిషిని కాను. మీ రిమ్ము నాలుగు అంగుళాలు, 150కి సరిపోయే పీటే. కవాసాకీ నింజా 400, కేటీఎం 390 డ్యూక్ కంపెనీ నుంచే 150/60-17తో వస్తాయి. అందుకే ఆ సైజులో మంచి రేడియల్ టైర్లు చాలా రకాలు దొరుకుతాయి. ఈ మార్పులో నాకు నచ్చేది అదే, ఆ 10 మిల్లీమీటర్లు కాదు. మీ విషయంలో ఎత్తు తగ్గుతుంది. వెనక 8 మిల్లీమీటర్లు దిగుతుంది, బండి తిరగడం ఒక పిసరు నిదానిస్తుంది, గేర్లు కొంచెం చురుకవుతాయి. వెనక రేడియల్ వేస్తే ముందు కూడా రేడియలే ఉండాలి. జతగా మార్చండి. మొదటి 100 మైళ్లు గట్టిగా ఒరిగించకండి. కొత్త టైరు పైపొర జారుతుంది.

ప్రశ్న: రిటైరయ్యాక గోల్డ్‌వింగ్ కొనుక్కున్నాను. మోటార్‌సైకిలు టైరు తొందరగా అరిగిపోతోంది. కొందరు వెనక కారు టైరే వేసుకుంటున్నారు. నిజమేనా? మా ఆవిడ కూడా వెనక కూర్చుంటుంది.
— ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: నిజమే, వేసుకుంటున్నారు. ఏళ్ల తరబడి నడిపి బాగుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ కారు టైరు అంచు, మోటార్‌సైకిలు రిమ్ము గాడి ఒకదానికొకటి కొలిచి చేసినవి కావు. కారు టైరు అడుగు చదును. బండి ఒరిగితే అది అంచు మీద నిలబడుతుంది, మళ్లీ నిటారుగా లేవాలని చూస్తుంది. ప్రతి మలుపులోనూ మీరు దానితో కుస్తీ పట్టాలి. మీరొక్కరే అయితే మీ ఇష్టం అనేవాణ్ణి. అమ్మగారు కూడా వెనక కూర్చుంటున్నారు కాబట్టి వద్దు. గాలి ప్రతి వారం చల్లగా ఉన్నప్పుడు చూసి, ఇద్దరి బరువుకీ సామానుకీ పుస్తకంలో చెప్పినంత పెట్టండి. టైరు తొందరగా అరగడానికి చాలాసార్లు కారణం తక్కువ గాలే.