తోటివారికి ఆహారము తెచ్చువాడు
పాఠ్యభాగము: 1 సమూయేలు 17:17–28



పత్తి తీయు దినములలోను, మిరప కోతల దినములలోను, చేనికి పోయిన ముఠాలో ఒకరు రోడ్డు మీది హోటలుకు పోయి అందరికిని ఇడ్లీలు, టీ తెచ్చుట మనమెరిగినదే. ఇది చిన్న పని. అయినను మనస్పర్ధలు పుట్టునది ఇట్టి చిన్న పనులలోనే. ఏలా లోయలో యుద్ధమునకు పోయిన అన్నలకు ఆహారమిచ్చి రమ్మని యెష్షయి దావీదును పంపిన సంగతినుండి నాలుగు మాటలు నేర్చుకొందము.

1. లెక్క. వేయించిన ధాన్యము, పది రొట్టెలు అన్నలకు. పది జున్నుగడ్డలు సహస్రాధిపతికి. ఎవరిది ఏదో యెష్షయి వేరువేరుగా చెప్పెను. ఆనవాలు కూడ తెమ్మనెను. మనమును ఎవరికేమి కావలెనో చీటీ మీద వ్రాసికొని, ముందే డబ్బు తీసికొనవలెను. మిగిలినది ఒక్క రూపాయి అయినను, అడుగకముందే తిరిగి ఇయ్యవలెను. ఫోనులో డబ్బు పంపినవారికిని ఇదే న్యాయము. కోరినది హోటలులో లేనియెడల, మన యిష్టము చొప్పున వేరొకటి కొనక, వారినే అడుగవలెను.

2. విడిచిపోయిన పని. దావీదు గొఱ్ఱెలను కాపరికి అప్పగించి పోయెను. మనమును మేస్త్రితో చెప్పి పోవలెను. అయితే కిలోల లెక్కన కూలి ఇచ్చు చోట, హోటలుకు పోయి వచ్చిన అరగంట ఆ మనిషి కూలిలో తరుగు. ఆలోగా మిగిలినవారు తలా కొంత తీసి అతని సంచిలో వేయుట ధర్మము.

3. మాట. రొట్టెలు మోసికొని వచ్చిన తమ్మునిమీద ఏలీయాబు కోపపడెను. గొఱ్ఱెలను ఎవరికి విడిచితివని నిలదీసెను. వాటిని అప్పగించియే వచ్చెనని అతడు విచారింపలేదు. సాంబారు చల్లారెనని, ఆలస్యమాయెనని మనము ముందు విసుగుకొందుమా, లేక ఎండనబడి వచ్చినవానికి మంచినీళ్లు అందింతుమా? చిన్నవాడని, ఎదురు చెప్పడని ప్రతిదినము ఒకనినే పంపుటయు తప్పే. వంతులు పెట్టుకొనుడి.

4. ఆకలి. చీటీ వ్రాయునప్పుడు నాకు వద్దు, ఆకలి లేదు అనువారుందురు. వారందరికిని ఆకలి లేక కాదు. ఒకరి చేతిలో డబ్బులేదు. ఒకరికి ఇంటివద్ద పిల్లల మందుల ఖర్చున్నది. ఆ సంగతి చీటీ వ్రాయువానికే ముందు తెలియును. దానిని పదిమందిలో బయటపెట్టకూడదు. నలుగురును తలా కొంత వేసికొని ఒక పొట్లము ఎక్కువ తెచ్చి, మిగిలినదమ్మా, తినుము అని పెట్టవచ్చును. అది అప్పుగా వ్రాయకుడి. సాయంత్రము ఇంటివద్ద చెప్పకుడి.

ఆలోచించుడి: మన ముఠాలో ఈ వారము ఎక్కువసార్లు హోటలుకు పోయినది ఎవరు? ఎక్కువసార్లు ఆకలి లేదన్నది ఎవరు?