కణత్వచమందలి కొవ్వులు

ఆదోని నూనెమిల్లులలో పత్తిగింజల ముడినూనెకు వేడినీరు చేర్చినపుడు విడివడు జిగురున ముఖ్యభాగము ఫాస్ఫోలిపిడ్లే. గ్లిసరాలుతో రెండు కొవ్వు ఆమ్లములును ఒక ఫాస్ఫేటు వర్గమును కూడి యేర్పడు ఈ యణువులు, నీటిని కోరు శిరస్సులను వెలుపలికిని, నీటిని సహింపని తోకలను లోపలికిని త్రిప్పి, రెండు పొరలుగా నమరి కణత్వచమగుచున్నవి. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనాకు ఈ యమరికయే పునాది.

ఫాస్ఫేటునకు మాఱుగా చక్కెరను ధరించు గ్లైకోలిపిడ్లు జంతుకణపు వెలుపలి ముఖమున గుర్తులై నిలుచును. ఎఱ్ఱరక్తకణములపై ఎ, బి ప్రతిజనకములు కొన్ని యిట్టివే. పత్తికొండ చేల పచ్చనియాకులందును, హరితరేణువుల థైలకాయిడ్ త్వచములలో గెలాక్టోలిపిడ్లదే ఆధిక్యము.

కొవ్వులలోని భాస్వరమును కొలుచుటకు తోడ్పడిన పద్ధతిని ఫిస్కేతో కూడి 1925లో ప్రకటించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. పరీక్షార్థులు ఈ పేరును మఱువరాదు.